అత్తగార్లున్న వాలు

పాలో సెకో,
నవంబరు 21

ఎల్విరా ఉర్బియోలా టీచరు గారికి,

నికానోర్ ఓల్వెరా నమస్కారాలతో రాయునది.

పొద్దున తొట్టిలో నీళ్ళు మంచు పెచ్చు కట్టాయి. రాతితో పగలగొట్టి మేకలకు తాగించాను. పది దాటేసరికి చొక్కా విప్పాల్సినంత ఎండ. వాన పడి రెండు నెలలైంది. కిత్తనార మట్టలు గీకి కల్లు కుండలు దించేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడు బస్సు తోలే చోన్ మీ ఉత్తరం ఇచ్చాడు. మా ఊరికి తపాలా రాదు, చోనే తెస్తాడు. కవరు మీద సంఘం ముద్ర ఉండటంతో బస్సులో అందరూ దాన్ని చేతులు మార్చుకుని చూశారట.

మీరు రాసింది మూడుసార్లు చదివాను. మీరు కెరెతారోలో రిటైరైన టీచర్ల నడక సంఘానికి కార్యదర్శి. మీ ఎనిమిది మందీ డిసెంబరులో రెండు రోజులు మా ఎడారిలో నడవాలనుకుంటున్నారు. పొద్దున వెళ్ళి, చీకటి పడకముందే ఊరికి తిరిగి వచ్చేలా. తోటలో పెంచినవి కాక, పుట్టినచోటే పెరిగే జెముళ్ళను చూడాలి. ముఖ్యంగా బిస్నాగాలను. ఆ జెముడును చెక్కి పాకం పట్టి, జనవరిలో వచ్చే ముగ్గురు రాజుల పండుగ రొట్టెలో పెట్టే మిఠాయి చేసేవారనీ, ఇప్పుడది నేరమనీ కూడా రాశారు. నేరమని మాకు తెలుసు. మా ఆవిడ దొమితీలాకు ఇంకా బాగా తెలుసు.

ఏమీ ముట్టుకోం, చూసి పోతాం అన్నారు. లోగడ కూడా కొందరు ఇలాగే చూసి పోతామని వచ్చారు. పోతూ పోతూ మా వెనకింటి హసింతాను జీపులో ఎక్కించుకుపోయారు. నాలుగో రోజున ఆమె నడిచి తిరిగొచ్చింది. ఆ తరువాత ఆ ఇంటి పొయ్యి మీద తీపి వస్తువేదీ ఉడకలేదు. సందర్భం వచ్చింది గనక రాశాను, వేరే ఉద్దేశం లేదు.

అసలు సంగతి ఏమంటే, మా దగ్గర బిస్నాగాలు లేవు. ఉత్తరపు వాలు మీద ఉన్నవాళ్ళంతా అత్తగార్లే. రెండువందల మంది దాకా ఉంటారు. ఎండకు అలా కూర్చునే ఉంటారు. వాళ్ళను చూడటానికి అంత దూరం నుంచి రావడం దండగ. దారిలో నీడ లేదు. నీళ్ళు లేవు. గిలక పాములున్నాయి. నడిచేవాడికి రాయేదో పామేదో చివరి నిమిషం దాకా తెలియదు.

ఊరి ఉమ్మడి భూముల పెద్దగా ఇది చెప్పడం నా బాధ్యత.

ఇట్లు,
నికానోర్ ఓల్వెరా

తా.క.: తెల్లవారుజామున మా పెరట్లో లేచే పొగ బట్టలు ఉడకబెట్టేది. మాకు రాగి గంగాళం లేదు. ఉన్నా అది బట్టలదే.

•

కెరెతారో,
నవంబరు 26

మాన్యులు నికానోర్ గారికి నమస్కారం.

మీ ఉత్తరాన్ని సంఘం సమావేశంలో పైకి చదివాను. గిలక పాముల దగ్గరికి వచ్చేసరికి ఎవరిస్తో గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పారు గాని పామును సీసాలో తప్ప చూడలేదట. నీడ లేదన్న వాక్యం మళ్ళీ చదివించుకున్నారు. ఎనిమిది మందిమి పద్నాలుగు మందిమయ్యాం. ఇంత నిజాయితీగా రాసే మనిషిని ఇప్పటిదాకా ఏ ఊళ్ళోనూ చూడలేదని అందరూ అన్నారు.

మా ప్రణాళిక ఇది. మొదటి రోజు ఎండిన ఏటి వెంట పైకి నడవడం, ఎండ ముదిరేలోగా వెనక్కి తిరగడం. రెండో రోజు ఉత్తరపు వాలు. మనిషికి ఎన్ని సీసాల నీళ్ళు మొయ్యాలి? చెప్పుల్లోంచి ముళ్ళు దిగుతాయా? దారి తప్పితే ఏ కొండను గుర్తు పెట్టుకోవాలి? దయచేసి రాయండి. నిజం చెప్పాలంటే నాకు భయంగానే ఉంది. కార్యదర్శిని గనక పైకి చెప్పలేను.

అయితే ఆ రాత్రి నాకు నిద్ర పట్టనిది పాముల వల్ల కాదు. రెండువందల మంది అత్తగార్లు ఒక వాలు మీద కూర్చుని ఉన్నారని మీరు ఒక్క మాటలో రాసి ముందుకు వెళ్ళిపోయారు. వాళ్ళు అక్కడ ఎందుకున్నారు? మీ వైపు మగవాళ్ళంతా పనులకు ఉత్తరాది సరిహద్దు దాటి పోయారని పేపర్లో చదివాను. కొడుకులు పోతే కోడళ్ళు ఇంత పని చేస్తారా? వాళ్ళకు నీళ్ళు ఎవరిస్తారు?

నేనూ అత్తగారినే. మా ఆయన పోయాక కొడుకు, కోడలు రెబేకాతో ఉంటున్నాను. మేడమీద గది నాది. రెబేకా మంచిదే. ఈమధ్య నా గదిని టేపుతో కొలిచింది. కర్టెన్ల కోసమంది. కర్టెన్లకు నేల కొలవడం ఎందుకో నాకు తెలియలేదు.

మీ జవాబు కోసం చూస్తూ,
ఎల్విరా ఉర్బియోలా, కార్యదర్శి

తా.క.: గంగాళం గురించి ఎందుకు రాశారో అర్థం కాలేదు. మీరు బట్టల విషయంలో చాలా శుభ్రమైనవాళ్ళని సంఘం అభిప్రాయపడింది.

•

పాలో సెకో,
డిసెంబరు 1

టీచరు గారికి,

గాలి మొదలైంది. రెండు రోజులుగా కళ్ళల్లో దుమ్ము. ఒక మేక ఈనింది, పిల్ల బతకలేదు. కంచె రెండుచోట్ల కట్టాను.

పాము అంటే పరిగెత్తేవాణ్ణి చూశాను గాని, పాముందంటే పేరు రాయించుకునేవాణ్ణి చూడలేదు. మా ఆవిడతో అన్నాను. ఆమె పని ఆపకుండానే జవాబు చెప్పింది.

"నెల జీతం వచ్చేవాడు దేనికీ భయపడడయ్యా. భయపడాల్సింది మనం."

ఆ మాట విన్నప్పటి నుంచి పెరటి తలుపుకు గడియ పెడుతున్నాను.

మీరు అడిగినవాటికి జవాబు. నీళ్ళు ఎన్ని మోసినా చాలవు. చెప్పులే కాదు, బూట్లలోంచి కూడా దిగుతాయి. దూకే జెముడు అని ఒకటుంది, పక్క నుంచి పోతే చాలు, కాలు పట్టుకుంటుంది, దువ్వెనతో తప్ప వదలదు. అత్తగార్ల మధ్యలో అక్కడక్కడా చెడ్డామె ఉంటుంది. ఆమెకు చెయ్యి తగిలిందా, వారం రోజులు ఒళ్ళంతా మంటే. గుర్తు పెట్టుకోవాల్సిన కొండ అంటూ లేదు, అన్నీ ఒకేలా ఉంటాయి. కిందటేడు ఒకతను దారి తప్పి రెండో రోజున దొరికాడు. బతికే ఉన్నాడు గాని ఇప్పటికీ గ్లాసు కిందపెట్టడు.

అత్తగార్ల గురించి మీరు ఎందుకింత అడుగుతున్నారో తెలియదు. వాళ్ళనెవరూ తెచ్చి పెట్టలేదు, అక్కడివాళ్ళే. కొందరు మా తాత పుట్టకముందు నుంచీ ఉన్నారు. నీళ్ళు ఎవరూ ఇవ్వరు. ఇస్తే చచ్చిపోతారు. ముళ్ళున్నవాళ్ళు గనక మేకలు కూడా దగ్గరికి పోవు. వేసవిలో నెత్తిన పసుపుపచ్చ పూలు పెట్టుకుంటారు, అప్పుడు చూడటానికి బాగుంటారు. ఇప్పుడేం బాగోదు. వేసవికి రండి. లేదా ఆ పై వేసవికి.

ఒక్క బాధ మాత్రం ఉంది. లారీలవాళ్ళు వచ్చి వాళ్ళను ఎత్తుకుపోతున్నారు. చిన్నవాళ్ళను గోనెసంచుల్లో వేసుకుపోతారు. పెద్దవాళ్ళకైతే నలుగురు మనుషులు, పాత దుప్పటి కావాలి. పట్నంలో డబ్బున్నవాళ్ళ వాకిళ్ళలో, బ్యాంకుల ముందు వరసగా కూర్చోబెడతారట. పసుపు ఎక్కువ ఉన్నవాళ్ళకు గిరాకీ ఎక్కువ. ఆ దొంగలను పట్టుకోమని మూడు అర్జీలు పెట్టాం, ఎవరూ రాలేదు. పొయ్యిల మీద ఏముందో చూడటానికి మాత్రం వస్తారు.

మీ కోడలు గది కొలుస్తోందని రాశారు. మా దగ్గర కొలతలు తీశారంటే, ఆ తరువాత జరిగింది ఎప్పుడూ మంచిది కాదు.

ఇట్లు,
నికానోర్ ఓల్వెరా

తా.క.: చోన్ బస్సులోంచి మా ఇంటి ముందు దించిన మూడు బస్తాల చక్కెర తేనెటీగలకు. తేనెటీగలు ఇంకా లేవు. వస్తాయని చూస్తున్నాం.

•

కెరెతారో,
డిసెంబరు 5

నికానోర్ గారికి,

మీ ఉత్తరాన్ని గోనెసంచుల దగ్గర ఆపి, మళ్ళీ మొదటి నుంచీ చదివాను. ఈసారి సమావేశంలో నేను పైకి చదవలేదు. ఎవరిస్తో గారు తీసుకుని చదివారు. గోనెసంచుల దగ్గర ఆయన కూడా ఆగిపోయారు.

మర్నాడు బ్యాంకు వైపు వెళ్ళాను. మెట్ల పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది. పక్కన వంగి మెల్లగా అడిగాను.

"ఎక్కడి నుంచి తెచ్చారమ్మా నిన్ను?"

"ఎవరూ తేలేదు, నిమ్మకాయలు అమ్ముకోవడానికి నేనే వచ్చాను. కొంటావా, కొనవా?"

భయపడి అలా చెప్పిందనుకుంటున్నాను. రెండు కిలోలు కొన్నాను. ఆమె తలలో పూలు లేవు.

సంఘం తీర్మానించింది ఇది. నడక ఉంటుంది, బిస్నాగాలు లేకపోయినా సరే. దానితోపాటు వాలు మీది వాళ్ళకు శాలువాలు, గడ్డి టోపీలు, నీళ్ళ డబ్బాలు తెస్తాం. నీళ్ళిస్తే చచ్చిపోతారన్నారు. ఎన్నాళ్ళుగానో దాహంతో ఉన్నవాళ్ళకు ఒక్కసారిగా ఇవ్వకూడదని మాకూ తెలుసు, చెంచాతో ఇస్తాం. వృద్ధుల బాగోగులు చూసే ఆఫీసులో నోర్మా గారని ఒక అధికారి నాకు తెలుసు. ఆమె ప్రభుత్వ జీపులోనే వస్తానన్నారు. రెండువందల మంది పేర్లూ, వయసులూ రాసుకుంటారట. చిన్నవాళ్ళు కూడా ఉన్నారంటే, అంత చిన్న వయసులో అత్తగార్లెలా అయ్యారని ఆమె అడుగుతున్నారు. అది మీరే రాయాలి.

పదమూడో తేదీ శనివారం పొద్దున వస్తాం. పేర్లు ఇచ్చినవాళ్ళు ఇరవై ఆరుగురు.

ఇరవై ఆరో పేరు మా రెబేకాది. ఎప్పుడూ నడకకు రాని మనిషి. ఆ వాలు ఎక్కడుందని నన్ను రెండుసార్లు అడిగింది. బస్సు అక్కడి దాకా పోతుందా అని కూడా అడిగింది. నేను చారు గిన్నె వైపు చూస్తూ తెలియదన్నాను.

ఇట్లు,
ఎల్విరా ఉర్బియోలా

తా.క.: ఆ చెడ్డామె ఎవరు? అత్తగారా, కోడలా? నోర్మా గారు ఆమె ఇంటిపేరు అడుగుతున్నారు.

•

పాలో సెకో,
డిసెంబరు 8

పూజ్యులైన టీచరు గారికి,

ఇవాళ వాతావరణం గురించి రాయను. ఏ పనీ చేయలేదు.

ప్రభుత్వ జీపు అన్నారు. పేర్లు రాసుకుంటామన్నారు. నీళ్ళ డబ్బాలు పొయ్యిలు ఆర్పడానికనీ, శాలువాలు దొరికిన సరుకు మూట కట్టడానికనీ తెలుసుకోలేనంత అమాయకుణ్ణి కాను. హసింతా ఇంటికి వచ్చినవాళ్ళు కూడా పాత దుప్పటే తెచ్చారు. చెడ్డామె ఇంటిపేరు అడిగేసరికి నాకు మిగతాదంతా అర్థమైంది. మా ఆవిడను ఊళ్ళో ఎవరో ఆ మాట అన్నారన్నమాట.

కాబట్టి దాపరికం లేకుండా రాస్తున్నాను. మా ఇంట్లో వెనక గది ఒకటుంది. నేను నాలుగేళ్ళుగా ఆ తలుపు తీయలేదు. లోపల ఏం జరుగుతుందో చూడలేదు, అడగలేదు. చూడకపోతే చూశానని చెప్పాల్సిన పని ఉండదు కదా. అందులో ఉన్నది మా ఆవిడ పుట్టింటి నుంచి వచ్చింది. పెళ్ళయిన ఏడాది గాడిద మీద ఎక్కించి తెచ్చారు. పాతది, బాగా బరువు, అడుగంతా నల్లబడింది. పండుగలప్పుడు తప్ప దాన్ని కదిలించం. మిగతా రోజుల్లో గోడకు బోర్లించి పైన గోనెపట్టా కప్పుతాం. దాన్ని మీరు తీసుకుపోతే పొమ్మనే అంటాను. కాని ఏడుపు వస్తుంది, ఆమెకూ నాకూ కూడా.

తీసుకెళ్ళాల్సింది మనిషినే అయితే నన్ను తీసుకెళ్ళండి. దొమితీలాను వద్దు. ఆమె జీపులో ఎక్కిన మనిషి కాదు. అడిగినదానికల్లా ఎదురు జవాబు చెబుతుంది, అక్కడ అది పనికిరాదు. నాకు మాట రాదు, కాబట్టి నేనే మేలు. ఒక సంచిలో బట్టలు సర్దుకుని ఉంచాను. రాత్రి కుక్క మొరిగితే లేచి కూర్చుంటున్నాను. "పడుకోవయ్యా, నక్క అది" అంటుంది ఆమె. అని, తను నిద్రపోతుంది.

మీరూ ఒక ఇంటి మనిషే. ఆలోచించండి.

మీ పాదాల దగ్గర,
నికానోర్ ఓల్వెరా

తా.క.: ఊరికి వచ్చే వంతెన నిన్న కూలిపోయింది. బస్సులు రావు. దయచేసి ఈ సంగతి చోన్‌ను అడగవద్దు.

•

కెరెతారో,
డిసెంబరు 11

నికానోర్ ఓల్వెరా గారికి,

ఈ ఉత్తరం మీ ముఖం చూడకుండా రాయగలుగుతున్నందుకు దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.

కన్నతల్లి లాంటి అత్తగారిని నాలుగేళ్ళుగా వెనక గదిలో పెట్టి తలుపు తీయలేదని మీరే రాశారు. గాడిద మీద తెచ్చారని రాశారు. గోడకు బోర్లించి గోనెపట్టా కప్పుతామని రాశారు. వాలు మీద ముక్కూ మొహం తెలియనివాళ్ళను "కూర్చున్నారు, ఉన్నారు" అని మర్యాదగా రాసిన మనిషి, ఇంట్లో ఉన్న సొంత అత్తగారిని "అది, దాన్ని" అని రాశారు. నలభై ఏళ్ళు పిల్లలకు వ్యాకరణం చెప్పినదాన్ని, నాకు అన్నిటికంటే అదే గుచ్చుకుంది.

తీసుకుపోతే ఏడుపు వస్తుందన్నారు, అందుకని మీలో ఇంకా మనిషి మిగిలాడని నమ్ముతున్నాను. నోర్మా గారికి మీ ఉత్తరం చూపించాను. ఆమె జీపులో రెండు సీట్లు ఖాళీగా ఉంచమని డ్రైవరుకు చెప్పారు.

నేను మాత్రం రావడం లేదు. కార్యదర్శి రాకపోవడం తప్పని తెలుసు. మడమ బెణికిందని సంఘానికి చెప్పాను. మీకు నిజం చెబుతున్నాను. నాకు అరవై ఎనిమిదేళ్ళు, విధవరాలిని, అత్తగారిని. అటువంటి ఊరికి నా కాళ్ళతో నేను నడిచి రాలేను. వచ్చిన ఇరవై ఆరుగురిలో తిరిగి వెళ్ళేటప్పుడు ఇరవై అయిదుగురే ఉంటే ఎవరు లెక్కపెడతారు?

నిన్న రాత్రి రెబేకా పళ్ళేలు తుడుస్తూ అడిగింది.

"మీరు నిజంగా రారా అత్తయ్యా?"

రానన్నాను. ఆమె తుడిచిన పళ్ళేలు దొంతర పెట్టింది. ఆ ముఖంలో కోపం ఉంటే నాకు ఇంత భయం ఉండేది కాదు.

ఎవరిస్తో గారు నా బదులు మీ దగ్గరికి వస్తారు. ఆయనకు అత్తగారు లేరు.

ఎల్విరా ఉర్బియోలా

తా.క.: నా సూట్‌కేసు అటక మీద నుంచి దించి ఉంది. నేను దించలేదు.

•

పాలో సెకో,
డిసెంబరు 18

ఎల్విరా టీచరు గారికి,

నేను దొమితీలాను, నికానోర్ భార్యను. ఆయన ఊళ్ళో లేడు. మీ ఉత్తరాలన్నీ రొట్టెల బుట్ట కింద పెట్టి పోయాడు, చదివాను. నేను చదవగలనని ఆయనకు గుర్తుండదు.

వాలు మీద సంగతి మీవాళ్ళు చెప్పే ఉంటారు. అత్తగార్లంటే జెముళ్ళు, చెడ్డామె అంటే దురదగొండి లాంటి మొక్క. అత్తగారి పీట అన్నది అసలు పేరు, పీట అన్న మాట మా తాతల కాలంలోనే పోయింది. మీ పట్నం తోటల్లో వాటినే బంగారు బంతి అంటారట. మేము మర్యాద ఇచ్చి మాట్లాడతాం, అదీ ఇదీ అంటే ఒకనాడు వాళ్ళ మీదే కూర్చోవాల్సి వస్తుందని పెద్దలు అనేవారు. మీ ఎవరిస్తో గారు మొదటి గంటలోనే "ఇదా?" అన్నారు, ఫోటోకని రెండడుగులు వెనక్కి వేసి, కూర్చున్నారు. హసింతా, నేను చెరో పక్కన పట్టకారుతో కూర్చుని ముళ్ళు తీశాం. పెద్దమనిషి, ఒక్కసారి కూడా అరవలేదు. పాములేవీ కనిపించలేదని మాత్రం బాధపడ్డారు.

శనివారం పొద్దున మీవాళ్ళు రెండువందల టోపీలు పట్టుకుని వాలు ముందు నిలబడ్డారు. తరువాత ఒకాయన తన చేతిలో టోపీని దగ్గరున్న అత్తగారికి పెట్టేశాడు. మిగతావి ఊళ్ళో పంచారు. శాలువాలు రాత్రి బడి గదిలో చలికి వాళ్ళకే చాలలేదు. నీళ్ళు మేకలు తాగాయి.

బిస్నాగాలు లేవని ఆయన రాశాడు. ఉన్నాయి. ఎండిన ఏటి పైన, గుడి కట్టకముందు నుంచీ ఉన్నవి, మనిషి నడుము దాటినవి. ఆదివారం నేనే తీసుకెళ్ళి చూపించాను. మీవాళ్ళు ముట్టుకోలేదు, మాట నిలబెట్టుకున్నారు.

మీ కోడలు నాతోపాటే నడిచింది. రెండో రోజు దారి ఎలా ఉంటుంది, మోకాలు నొప్పి ఉన్నవాళ్ళు ఎక్కడి దాకా రాగలరు, మధ్యలో కూర్చోవడానికి రాళ్ళున్నాయా అని అడిగింది. ఎవరి మోకాలమ్మా అంటే మీ పేరు చెప్పింది. మీ గదిలోకి కింద నుంచి మెట్లెక్కాల్సి వస్తోందని, మీ గది సామానంతా కింది గదిలో పడుతుందో లేదోనని మీ గది నేల కొలిచిందట. ముందే చెబితే మీరు వద్దంటారని చెప్పలేదంది. సూట్‌కేసు ఆమె తన బట్టలకు దించుకుంది. చక్రం ఒకటి మా ఏట్లో ఊడిపోయింది, చెప్పమంది.

ఇక మా ఇంటి సంగతి. వెనక గదిలో ఉన్నది మా అమ్మ కాదు. మా అమ్మ పోయి ఇరవై ఏళ్ళయింది. ఉన్నది గంగాళం. నోర్మా గారు తలుపు తీయమంటే తీశాను. ఆమె లోపలికి చూసి, వెనక్కి తిరిగి జీపు వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"నిజమైన బిస్నాగానేనా?"

"నాకేం తెలుసమ్మా. నన్ను అడగకు, నువ్వూ చెప్పకు."

రెండు కిలోల మిఠాయి కట్టించుకుంది. డ్రైవరు ఒక కిలో.

మీకు మాత్రం చెబుతాను, ఎందుకంటే మీరు మా ఇంట్లో ఉన్న ముసలిదాని కోసం నిద్ర మానుకున్నారు. అది బిస్నాగా కాదు. హసింతాను తీసుకుపోయిన ఏడాది నుంచీ నేను ఆ జెముడును ముట్టలేదు. అది గుమ్మడికాయ. సున్నపు నీళ్ళలో నానబెట్టి పాకం పడితే పట్నంవాళ్ళ నోటికి తేడా తెలియదు. గుమ్మడికాయ అంటే కొనేవాడు లేడు. చాటుగా ఇస్తే చాటుగా వచ్చి కొంటారు. మా తమ్ముడు బండి మీద పట్టా కప్పి తెస్తాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత వినే ఉంటారు. మా ఆయన నాలుగేళ్ళుగా భుజాలు తడుముకుంటూనే ఉన్నాడు, లోపల ఉన్నవి గుమ్మడికాయలేనని తెలియకుండానే.

ఆయనకు ఎందుకు చెప్పలేదంటారా. చెబితే కల్లు దుకాణంలో చెబుతాడు. అది వారంలో కెరెతారో చేరుతుంది. పైగా భయం పట్టుకున్నప్పటి నుంచీ ఆయన చీకటి పడకముందే ఇంటికొస్తున్నాడు. కాని తనను తీసుకెళ్ళండని మీకు రాసిన ఉత్తరాన్ని మీ కోడలు తీసుకొచ్చి నాకు చూపించింది. అంత రాస్తాడని నేను అనుకోలేదు. ఇప్పుడు చెప్పేద్దామనుకుంటున్నాను.

ఆయన శనివారం తెల్లవారకముందే వెళ్ళాడు. జీపు దీపాలు మలుపులో కనిపించగానే గంగాళమనుకుని చీకట్లో చేతికి దొరికినదాన్ని గాడిద మీద కట్టి, సిమాపాన్‌లో వాళ్ళ అక్క ఇంటికి పోయాడు. కంగారులో మొక్కజొన్నలు ఉడకబెట్టే పాత్ర పట్టుకుపోయాడు. అయిదు రోజులుగా హసింతా ఇంట్లో అప్పు తెచ్చి రొట్టెలు చేస్తున్నాను. ఆయనకు మీరు రెండు ముక్కలు రాయండి, టీచరునే గాని అధికారిని కానని. నేను చెబితే నమ్మడు. గుమ్మడికాయ మాట మాత్రం రాయకండి.

మీరు ఫిబ్రవరిలో రండి. చలి తగ్గుతుంది. మొదటి రోజు దారిలో కూర్చోవడానికి రాళ్ళున్నాయి.

దొమితీలా

తా.క.: కవరు అంటిస్తుండగా ఆయన వచ్చాడు. పాత్ర దించాడు. రొట్టె వేడి చేసి, కూర్చోవయ్యా ఒక మాట చెప్పాలి అన్నాను. బల్ల మీద నోర్మా గారి ఆఫీసు కార్డు ఉంది, మళ్ళీ పండుగ తరువాత వస్తానని ఇచ్చింది. అది చదివాడు. గాడిద మీద జీను ఇంకా తీయలేదు. మీ సంఘంవాళ్ళు ఆదివారం నాలుగు గంటల బస్సుకు వెళ్ళారు. నికానోర్ నా మాట వినకుండానే ఇవాళ తొమ్మిదింటికి మళ్ళీ వెళ్ళాడు.